గేటు చప్పుడుకు మొరిగే కుక్కకు మూడు మొరుగులతో ఆగడం నేర్పడం

కడపలో సందు లోపలి ఇళ్లకు పాలాయన బైకుతోనే తెల్లారుతుంది. వెనకే చెత్త బండి పాట, ఎండెక్కేసరికి ఎర్రగడ్డల ఆటో మైకు, మధ్యాహ్నం నీళ్ల ట్యాంకరు, పొద్దుగూకాక గేటు గొళ్లెం టకటక. ఇంట్లో కుక్క ఉంటే వీటన్నిటికీ బదులు పలుకుతుంది. మనకేమీ వినపడలేదు కాబట్టి ఊరికే మొరుగుతోందనుకోవద్దు. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దానిది దాదాపు 45,000 దాకా పోతుంది.

దాని లెక్క సూటిగా ఉంటుంది. పాలాయన వచ్చాడు, మొరిగింది, పోయాడు. ఆటో వచ్చింది, మొరిగింది, పోయింది. వాళ్లు ఎలాగూ పోయేవాళ్లేనని దానికి తెలియదు. రోజుకు ఇన్నిసార్లు గెలిచే పనిని ఏ కుక్కా మానుకోదు. లోపలి నుంచి మనం "ఏయ్, నోరు ముయ్" అని కేకలేస్తే రచ్చ ఇంకా పెరుగుతుంది. అసలు మొరగకూడదని పట్టుబట్టడం కూడా దండగే. కొత్త మనిషి గోడ దూకితే చెప్పాలనే కదా చాలామంది పెంచుకునేది. రెండు మూడు సార్లు మొరిగి, గేటు వదిలేసి మీ దగ్గరికి రావడం నేర్పితే చాలు. రోజూ చేస్తే చాలా కుక్కలకు నెల, నెలన్నరలో తేడా తెలుస్తుంది.

మొదట ఏ మొరుగో తేల్చుకోండి. బయటి చప్పుడును చెప్పే మొరుగు తెగ్గొట్టినట్టుంటుంది: పొట్టిగా రెండు మూడు, కాస్త ఆగి మళ్లీ. చెవులు నిక్కుతాయి, ఒళ్లు ముందుకు వాలుతుంది, పరుగు గేటు వైపు ఉంటుంది. తోక కాళ్ల మధ్య పెట్టి వణుకుతూ మంచం కిందికి దూరితే అది భయం. మీరు ఇల్లు దాటాకే మొదలైతే ఒంటరితనం. ఆ రెండింటికీ ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. ముసలి కుక్క కొత్తగా అర్ధరాత్రి గోడను చూసి మొరుగుతుంటే, నేర్పడం పక్కన పెట్టి పశువుల డాక్టరుకు చూపించండి. చెవులు తగ్గడం, నొప్పులు, వయసుతో వచ్చే మతిమరుపు కారణం కావచ్చు.

తర్వాత వారం రోజులు ఒక కాగితం మీద టైము, చప్పుడు, ఎంతసేపు మొరిగింది రాయండి. చాలా ఇళ్లలో గొడవంతా మూడు నాలుగు చప్పుళ్లదే అని తేలుతుంది. వాటి మీదే పని చేయాలి.

గేటూ, పడకా

కమ్మీల సందుల్లోంచి వీధి కనబడుతున్నంత కాలం నేర్పింది నిలవదు. గేటుకు కింది నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా రేకు కొట్టించండి. గ్రీన్ నెట్ కట్టేటట్లయితే 90 శాతం నీడ ఇచ్చేది తీసుకోండి. 50 శాతం వలలో మనుషులు మసగ్గా కదులుతూ కనబడతారు, దానికి కుక్క ఇంకా రెచ్చిపోతుంది. గేటు కింది సందు మర్చిపోవద్దు. కుక్క పడుకుని చూసేది అక్కడి నుంచే, రబ్బరు పట్టీ బిగిస్తే సరిపోతుంది. మిద్దె మీదికి ఒంటరిగా వదలొద్దు, అక్కడి నుంచి నాలుగు సందులూ ఒకేసారి కనబడతాయి.

గేటు పక్కన గొలుసుతో కట్టేయడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. కనబడుతుంది గానీ అందదు. ఆ ఉక్రోషం కరిచే దాకా తీసుకుపోతుంది. పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేసి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

పడక వెనక గదికి మార్చండి. వేసవిలో కూలరు మోత బయటి చప్పుళ్లను బాగానే కప్పేస్తుంది. చిక్కంతా కరెంటు పోయినప్పుడే. ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దమై, సందులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. బ్యాటరీ రేడియోలో ఆకాశవాణి కడప కేంద్రం సన్నగా పెట్టి ఉంచితే ఆ తేడా తగ్గుతుంది.

"చూసినాలే"

ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. "చూసినాలే" బాగుంటుంది, కోపంగా అనడం కష్టం కాబట్టి. జేజి ఒక మాట, పిల్లలు ఒక మాట అంటే కుక్కకు ఏదీ అంటదు.

తాయిలంగా ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్ శనగ గింజంత ముక్కలు చేసుకోండి. 25 కిలోల కుక్కకు రోజుకు 60 గ్రాములు దాటకూడదు, ఆ మేరకు అన్నం తగ్గించాలి. బొరుగులు చవక, తేలిక. చికెన్ ముక్కలతో ఒకే డబ్బాలో వేసి కాసేపు ఉంచితే వాసన పట్టి, వద్దనే కుక్క కూడా తింటుంది. బొరుగుల్లో ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసి చేసే ఉగ్గాని మాత్రం పెట్టొద్దు, ఎర్రగడ్డ కుక్క రక్తానికి చేటు. శనక్కాయ గింజలు పెడితే వేయించినవి, ఉప్పులేనివి నాలుగైదు చాలు. బూజు పట్టినవి పొరపాటున కూడా వద్దు, ఆ బూజు విషం కుక్క కాలేయాన్ని చంపేస్తుంది.

మొదటి నాలుగు రోజులు చప్పుడు లేని వేళ చూసుకోండి. మామూలు గొంతుతో "చూసినాలే" అనండి, ఒక సెకను ఆగి ముక్క మీ కాళ్ల దగ్గర వేయండి. ఒక విడతకు పదిసార్లు, రోజుకు రెండు మూడు విడతలు. మాట వినగానే తల గిర్రున తిప్పితే అసలు పనికి సిద్ధమైనట్టు.

ఇక నిజంగా మొరిగినప్పుడు గేటు దాకా నడిచి వెళ్లి ఒకసారి బయటికి చూడండి. వంటింట్లోంచి పిలిస్తే పని కాదు, మీరు చూశారని అది చూడాలి. "చూసినాలే" అని వెనక్కి తిరిగి నడవండి. వెంట వస్తే నాలుగైదు ముక్కలు నేల మీద చల్లండి. ముక్కు నేలకు ఆనించి వెతుక్కునే కుక్క మొరగలేదు, గుండె దడా తగ్గుతుంది. రాకపోతే అరవొద్దు, ముక్క ముక్కు దగ్గర పెట్టి మెల్లగా తిప్పండి. వారం తర్వాత ముక్క వేసేముందు రెండు సెకన్ల నిశ్శబ్దం, తర్వాత ఐదు, ఆ తర్వాత పది కావాలి.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మొరిగితే చికెన్ వస్తుందని కనిపెట్టి, తెలివైన కుక్క ఖాళీ గేటును చూసి రెండు మొరుగులు మొరిగి మీ ముఖం చూస్తుంది. దీనికి మందు ఒక్కటే. చప్పుడైనా మొరగకుండా మీ వైపు చూసిన ప్రతిసారీ రెట్టింపు ఇవ్వండి, మొరిగి వచ్చినదానికి బొరుగులతో సరిపెట్టండి.

ఫోనుతో సాధన

కాగితం మీద తేలిన చప్పుళ్లను ఫోనులో రికార్డు చేయండి. ఆ చప్పుడు నిజంగా వచ్చే వేళ కాకుండా వేరే వేళ, అతి తక్కువ వాల్యూముతో మూడు సెకన్లు వినిపించండి. చెవి కదలాలి, ఒళ్లు బిగుసుకోకూడదు. చప్పుడు ఆగిన వెంటనే ముక్క. ఈ వరుస తిరగబడితే, అంటే చేయి డబ్బాలోకి పోయాక చప్పుడు వస్తే, చికెన్ కనబడిందంటే ఏదో రాబోతోందని నేర్చుకుంటుంది. ఎనిమిది పది సార్లు చాలు, మధ్యలో ఒకసారి పది సెకన్లు, ఒకసారి నలభై సెకన్లు ఎడం ఇవ్వండి.

వరుసగా రెండు విడతల్లో చప్పుడు వినగానే మీ చేతి వైపు చూస్తే వాల్యూము ఒక మెట్టు పెంచండి. మొరిగితే రెండు మెట్లు దించండి. ఫోను స్పీకరులో ట్యాంకరు ఇంజను అడుగు మోత పలకదు, పెద్ద బ్లూటూత్ స్పీకరు కావాలి. చివరికి స్పీకరును గేటు దగ్గర పెట్టి, ఆ తర్వాత ఇంట్లో ఒకరిని బయటికి పంపి గొళ్లెం కొట్టించండి.

కాలింగ్ బెల్లుకు సులువైన దారి ఉంది. వైర్‌లెస్ బెల్లుల్లో చాలావాటికి ట్యూను మార్చుకోవచ్చు. ఏళ్ల తరబడి మొరిగిన పాత ట్యూనును మాన్పించడం కన్నా, కుక్క ఎప్పుడూ విననిది పెట్టి మొదటి నుంచీ ముక్కతో జతచేయడం తొందరగా అవుతుంది.

షాక్ కాలరు కొనొద్దు. నొప్పి వచ్చిన క్షణంలో కుక్కకు కనబడేది పాలాయన, మరుసటి రోజు అతన్నే కరవొచ్చు. మూతికి గుడ్డ, తాడు కట్టడం ఇంకా ప్రమాదం. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ముఖ్యంగా రొప్పడంతోనే, 42 డిగ్రీల ఎండలో నోరు కట్టేస్తే వడదెబ్బతో ప్రాణం పోతుంది. మనుషుల నిద్రమాత్రలూ వద్దు.

కుక్కను రోజూ బయట తిప్పకపోతే పైవన్నీ సగమే పనిచేస్తాయి. ఎండాకాలం ఆరున్నర లోపు, మళ్లీ పొద్దుగూకి నేల చల్లారాక తీసుకెళ్లండి. కడప బండల మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే పాదాలు కాలుతాయి. పరుగెత్తించడం కన్నా వాసన చూసుకుంటూ అరగంట తిరగనివ్వడమే మేలు.

పీర్ల పండుగ డప్పులు, దీపావళి టపాసుల రోజుల్లో పాఠాలు పెట్టుకోవద్దు. చీకటి పడకముందే తిప్పి, తిండి పెట్టి, కిటికీలు మూసిన లోపలి గదిలో ఫ్యాను వేసి ఉంచండి. ఏటా వణికిపోయే కుక్కయితే రెండు మూడు వారాల ముందే డాక్టరును కలిసి మందు అడగండి.