ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి ఇంట్లో, బడిలో ఏం చేయాలి

"రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడు" అని మన బెజవాడలో ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ సలహా ఇస్తారు. పట్టించుకోకండి. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి సమస్య. ఈ పిల్లలకి ఏం చేయాలో తెలుసు, తెలిసింది వేళకి చేయడమే వాళ్ల వల్ల కాదు. కొడితే భయం వస్తుంది గానీ ధ్యాస రాదు.

ముందు డాక్టర్‌కి చూపించండి. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే ఏడీహెచ్‌డీ అంటారు, కాబట్టి టీచర్ మాట కూడా రాయించుకుని వెళ్లండి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. టెన్షన్‌గా ఉండి ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. అల్లరి చేయకుండా ఊరికే పరధ్యానంగా కూర్చునే ఆడపిల్లల్ని మాత్రం ఎవరూ గమనించరు, మీరు గమనించండి.

ఇంట్లో అసలు గొడవంతా హోంవర్క్ దగ్గరే. వంటింట్లోంచి "బ్యాగ్ తీయి, డైరీ చూడు, లెక్కలు మొదలెట్టు" అని కేకేస్తే మూడూ గాలికిపోతాయి. టీవీ ఆపి, దగ్గరికెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఒక్క పనే చెప్పండి. పేజీలో పది లెక్కలుంటే కింద ఏడింటిమీద తెల్లకాగితం కప్పేయండి. మూడు చేశాక లేచి బాటిల్‌లో నీళ్లు నింపుకుని రమ్మనండి, వచ్చాక కాగితం ఇంకొంచెం జరపండి. నిలబడి రాస్తానంటే రాయనివ్వండి, ఏం పోయింది? మెప్పు కూడా అక్కడికక్కడే: "మూడూ లేవకుండా చేశావు నాన్నా" అనండి. పరీక్షల్లో మార్కులొస్తే సైకిల్ కొంటామనే మాట వాళ్లకి మరీ దూరం.

బడిలో పేరెంట్స్ మీటింగ్ హడావుడిలో కాకుండా క్లాస్ టీచర్‌ని విడిగా కలవండి. కిటికీకి, తలుపుకి దూరంగా ముందు బెంచీ, బోర్డు తుడవడం, నోట్‌బుక్స్ పంచడం లాంటి లేచి తిరిగే పనులు, ఇంటికొచ్చే ముందు డైరీ రాశాడో లేదో ఒక చూపు, ఇవి అడగండి. శిక్షగా ఆటల పీరియడ్ తీసేయొద్దని గట్టిగా చెప్పండి, ఆ పరుగే తర్వాతి క్లాసులో కాసేపు కూర్చోబెడుతుంది. చదవడం, రాయడం కూడా బాగా వెనకబడితే లెర్నింగ్ డిజెబిలిటీ పరీక్ష విడిగా చేయించండి: 2016 దివ్యాంగుల చట్టం జాబితాలో అది ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు.

మందుల మాట డాక్టర్‌దే. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు రాస్తే ఆకలి, నిద్ర తగ్గొచ్చు, బరువు చూసుకుంటూ ఉండండి, ఏ తేడా కనిపించినా డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.