రాసిచ్చే ముందు హక్కుల సంగతి తేల్చుకోండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి నుంచే రాతపనితో సంపాదించాలనుకునేవారు, పలాస జీడిపప్పు వ్యాపారికి ప్రకటన రాసినా, పొందూరు ఖద్దరు దుకాణానికి పరిచయ వ్యాసం రాసినా, పారితోషికంతో పాటు హక్కుల విషయాన్నీ ముందే కాగితం మీద పెట్టించుకోవడం మంచిది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసినప్పుడు, వేరే ఒప్పందం లేనంతవరకు, సాధారణంగా ఆ రచనకు తొలి హక్కుదారు రచయితే. సంతకంతో కూడిన రాతపూర్వక పత్రం లేనిదే ఆ హక్కు మరొకరికి బదిలీ కాదు. బదిలీ పత్రంలో గడువు పేర్కొనకపోతే 5 సంవత్సరాలనీ, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకేననీ 19వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి ఎవరైనా “సర్వహక్కులూ మావే” అన్న వాక్యం చేర్చమంటే (ఊరివాళ్లన్న మొహమాటంతో చాలామంది ఇక్కడే తలూపేస్తారు), ధర పెంచి అడగండి, లేదా ఒక్కసారి ప్రచురణకు మాత్రమే అనుమతిస్తున్నట్లు రాయించండి. అలా రాయించుకుంటే, ఆ వ్యాసాన్నే కొంతకాలం తర్వాత మరో పత్రికకు ఇచ్చుకునే వీలుంటుంది. కొత్తవారి దగ్గర సగం సొమ్ము ముందుగానే తీసుకోండి.