పాత మాజ్దా ఆర్‌ఎక్స్-7కు తక్కువ ఖర్చులో చక్రాల పీసీడీ మార్చడం ఎలా?

మొదటి తరం ఆర్‌ఎక్స్-7 జపాన్‌లో 1978లో వచ్చింది, అమెరికాలో 1979 మోడల్‌గా అమ్మారు. 1985 దాకా తయారైన ఈ కారు గురించి ఎవరు మాట్లాడినా రోటరీ ఇంజిను గురించే మాట్లాడతారు. కొన్నవాళ్లకు మాత్రం తొలి తలనొప్పి చక్రాల దగ్గరే మొదలవుతుంది. నాలుగు బోల్టులు, 110 మి.మీ. పీసీడీ (బోల్టుల మధ్య బిందువుల మీదుగా పోయే వృత్తపు వ్యాసం); దీన్నే 4×110 అని రాస్తారు. ఆర్‌ఎక్స్-2, ఆర్‌ఎక్స్-3 రోజుల నుంచి మాజ్దా వాడుతూ వచ్చిన కొలత అది. ఇవాళ 4×110 అని వెతికితే కారు రిమ్ముల కన్నా ఏటీవీ బండ్ల (మట్టి దారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండ్లు) రిమ్ములే ముందు కనిపిస్తాయి. వాటిని కారుకు వేయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

దీనికి తోడు టైర్ల కరువు. కంపెనీ ఇచ్చిన 185/70 ఆర్13 సైజులో ఇప్పుడు మంచి గ్రిప్పున్న టైరు దొరకడం కష్టం. అదే 15 అంగుళాల రిమ్ముకు వెళితే 205/50 ఆర్15 ఉంది. పాత టైరు ఎత్తు 589 మి.మీ., దీనిది 586. స్పీడోమీటరు లెక్క దాదాపు మారదు. ఆ రిమ్ములు విరివిగా దొరికే కొలత 4×114.3. మాజ్దా కూడా 1984, 85లలో ఇంజెక్షన్ 13బి ఇంజినుతో అమ్మిన జీఎస్ఎల్-ఎస్ఈ మోడల్‌కు ఇదే కొలత వాడింది. కాబట్టి మనం చేయబోయేది కారు స్వభావానికి విరుద్ధమైన పనేమీ కాదు.

మొదట మీ కారు కొలత మీరే తీయండి

అమ్మినవాడి మాట నమ్మొద్దు. నలభై ఏళ్ల కారు, ఎన్ని చేతులు మారిందో తెలియదు. పక్కపక్కన ఉన్న రెండు స్టడ్‌ల (చక్రం నట్టులు ఎక్కే మర కడ్డీలు) మధ్య దూరం, మధ్య బిందువు నుంచి మధ్య బిందువుకు, వెర్నియర్‌తో చూడండి. 77.8 మి.మీ. వస్తే 110 పీసీడీ. 80.8 వస్తే 114.3, అంటే మీ ముందు ఎవరో పని పూర్తి చేసేశారు. ముందు చక్రాలు ఒక కొలత, వెనక చక్రాలు ఇంకో కొలత ఉన్న కార్లు కూడా ఉంటాయి కనుక నాలుగు మూలలా చూడండి.

తేడా మూడు మిల్లీమీటర్లే కదా అని 114.3 రిమ్మును 110 స్టడ్‌ల మీద నట్టు బిగించి లాగేసేవాళ్లున్నారు. నట్టు దాని కోన్ సీటులో (రిమ్ములో నట్టు కూర్చునే ఏటవాలు గుంట) పూర్తిగా కూర్చోదు, స్టడ్ వంగి ఉంటుంది, రోడ్డు మీద ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. ఈ దారి అసలు వద్దు.

దారులు నాలుగు, ఏది చవక?

కారును ముట్టుకోకుండానే పని అయ్యే దారి ఒకటుంది: బోల్టు రంధ్రాలు లేకుండా వచ్చే రిమ్మును మీరు అడిగిన పీసీడీకి రంధ్రాలు వేసి అమ్మే తయారీదారులున్నారు. 4×110కు వేసిస్తారేమో ముందు అడగండి. డిజైన్ల ఎంపిక తక్కువ, కానీ ఒక ఫోన్‌తో తేలిపోతుంది. ఇది కుదిరితే ఈ వ్యాసంలో మిగతాది మీకు అక్కర్లేదు.

రెండోది అడాప్టరు. 4×110 స్టడ్‌లకు బిగిసి, 4×114.3 స్టడ్‌లు ఇచ్చే అల్యూమినియం పళ్లెం. పాత నట్టు లోపల మునిగి పోవాలి కాబట్టి మందం 25 మి.మీ.కు తగ్గకూడదు. దాంతో చక్రం అంత మేర బయటికి వస్తుంది. ఇక్కడే ఒక మంచి అవకాశం ఉంది. 1990ల హోండా అకార్డ్ రిమ్ములు 4×114.3, ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో చెప్పే అంకె) +55 దాకా ఉంటుంది. 25 మి.మీ. అడాప్టరు వేస్తే అది +30 అవుతుంది. పాత సామాను అమ్మే యార్డులో చవగ్గా దొరికే రిమ్ములు ఇలా పనికొస్తాయి. అయితే హోండా కంపెనీ రిమ్ములో నట్టు సీటు గుండ్రంగా ఉంటుంది, కోన్ కాదు. కోన్ నట్టు వేస్తే అంచు మీద మాత్రమే ఆనుకుని వదులవుతుంది. గుండ్రటి సీటు నట్టులే కొనండి.

మూడోది జీఎస్ఎల్-ఎస్ఈ సామాను ఎత్తి పెట్టడం. ముందు స్ట్రట్‌లు, హబ్‌లు (చక్రం బిగిసే మధ్య భాగాలు), డిస్కులు, కాలిపర్లు, వెనక యాక్సిల్ మొత్తం ఒకే దాత కారు నుంచి తీసుకోవాలి. బ్రేకులు కూడా మెరుగవుతాయి. కానీ ఆ మోడల్ వచ్చింది రెండేళ్లే. దాన్ని విప్పి అమ్మేవాడికి దాని విలువ తెలుసు, కాబట్టి చవక అనే మాట అక్కడితో పోతుంది.

నాలుగోది, నేను చెప్పబోయేది: ఉన్న హబ్‌లకు, యాక్సిల్ షాఫ్ట్‌లకు కొత్త రంధ్రాలు వేయించడం. మీ కారుకు ముందు బేరింగులు, వెనక ఆయిల్ సీళ్లు ఎలాగూ మార్చాల్సి ఉంటే ఇదే అన్నిటికన్నా చవక, ఎందుకంటే విప్పే శ్రమ ఎలాగూ పడుతున్నారు. బేరింగులు ఈమధ్యే మార్చి ఉంటే అడాప్టరుతో సరిపెట్టుకోండి.

ఐదు బోల్టులకు ఎందుకు వెళ్లకూడదు

విప్పేటప్పుడు ఎలాగూ విప్పుతున్నాం, 5×114.3 చేసేస్తే ఇంకా ఎక్కువ రిమ్ములు దొరుకుతాయి కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. పాత నాలుగు రంధ్రాల మధ్య కోణం 90 డిగ్రీలు, కొత్త ఐదింటి మధ్య 72. ఈ ఐదింటినీ ఎటు తిప్పి పెట్టినా, వాటిలో ఒకటి ఏదో ఒక పాత రంధ్రానికి 9 డిగ్రీల లోపే వచ్చి పడుతుంది. ఆ వృత్తం మీద 9 డిగ్రీలంటే సుమారు 9 మి.మీ. స్టడ్ రంధ్రమే అంతకన్నా వెడల్పు. అంటే కొత్త రంధ్రం పాతదాన్ని కొరికేస్తుంది, స్టడ్‌కు పట్టు ఉండదు. పాత రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి వేస్తానంటే, ఆ వేడికి ఫ్లాంజ్ (స్టడ్‌లు ఉండే గుండ్రటి పళ్లెం) వంగే ప్రమాదం ఉంది, లోహం పెళుసు బారే ప్రమాదమూ ఉంది.

నాలుగుకు నాలుగైతే ఈ బాధ లేదు. కొత్త రంధ్రాలను సరిగ్గా 45 డిగ్రీలు పక్కకు జరిపితే పాత, కొత్త రంధ్రాల మధ్య బిందువుల దూరం సుమారు 43 మి.మీ. వస్తుంది. మధ్యలో కావలసినంత ఉక్కు మిగులుతుంది. పాత రంధ్రాలను అలాగే ఖాళీగా వదిలేయండి.

విప్పడం

ఇంట్లోనే చేసుకోవచ్చు. కారును స్టాండుల మీద నిలపండి, జాకీని నమ్మి కింద దూరొద్దు.

ముందు వైపు: కాలిపర్ విప్పి తీగతో స్ట్రట్‌కు కట్టండి, బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకండి. గ్రీజు మూత ఊడదీసి, కాటర్ పిన్ను తీసి, నట్టు విప్పితే హబ్బూ డిస్కూ కలిసే చేతిలోకి వస్తాయి. బయటి బేరింగు జారి నేల మీద పడకుండా బొటనవేలు అడ్డం పెట్టండి. పాత గ్రీజంతా కిరోసిన్‌తో కడిగి తుడవండి.

వెనక వైపు: డ్రమ్ గానీ డిస్కు గానీ తీసి, బ్రేక్ ప్లేటు దగ్గర షాఫ్ట్‌ను పట్టి ఉంచే నట్టులు విప్పండి. షాఫ్ట్ చేత్తో లాగితే రాదు. స్లైడ్ హ్యామర్ కావాలి, అమెరికాలో ఆటో సామాన్ల షాపులు డిపాజిట్ కట్టించుకుని అరువిస్తాయి. షాఫ్ట్ బయటికొచ్చేటప్పుడు గేర్ ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం పెట్టండి. ఎడమది, కుడిది కలిసిపోకుండా పెయింటుతో గుర్తు వేసుకోండి.

మెషిన్ షాపుకు ఇచ్చేటప్పుడు

చేతి డ్రిల్లుతో, మామూలు డ్రిల్ ప్రెస్‌తో ఈ పని కాదు. రోటరీ టేబుల్ ఉన్న మిల్లింగ్ మెషిన్ కావాలి. కేంద్రాన్ని పాత స్టడ్ రంధ్రాల నుంచి కాకుండా, హబ్‌కైతే బేరింగు కూర్చునే బోరు నుంచి, షాఫ్ట్‌కైతే బేరింగు జర్నల్ (షాఫ్ట్ మీద బేరింగు కూర్చునే భాగం) నుంచి పట్టమనండి. పొడుగాటి షాఫ్ట్‌ను నిలబెట్టి పట్టే వసతి వాళ్ల మెషిన్‌కు ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే బరువు మోసుకెళ్లి వెనక్కి తెచ్చుకోవాలి.

ఖర్చు తగ్గేదీ ఇక్కడే. సామాను శుభ్రంగా కడిగి, పాత స్టడ్‌లు మీరే ప్రెస్‌తో తీసి, అన్నీ ఒకేసారి తీసుకెళ్లండి: రెండు హబ్‌లు, రెండు షాఫ్ట్‌లు, రెండు డ్రమ్ములు లేదా వెనక డిస్కులు. మెషిన్ ఒక్కసారి సెట్ చేస్తే మిగతా ముక్కలకు పెద్ద సమయం పట్టదు. మట్టి, గ్రీజు కొట్టుకుని ఉన్న సామాను తెస్తే కడిగే గంటలకూ మీరే డబ్బు కడతారు.

కొత్త స్టడ్‌లు కొనకముందు రంధ్రాలు వేయించొద్దు. స్టడ్ మెడ దగ్గర సన్నటి పళ్ల గాట్లుంటాయి. రంధ్రం ఆ గాట్ల వ్యాసం కన్నా కొద్దిగా చిన్నదిగా ఉంటేనే స్టడ్ బిగిసి కూర్చుని, నట్టు విప్పేటప్పుడు తనూ తిరగకుండా ఉంటుంది. ఎంత చిన్నదో స్టడ్ తయారీదారు చెబుతాడు. ఆ అంకెను కాగితం మీద రాసి, ఒక స్టడ్‌ను కూడా చేతికివ్వండి. మర ఎం12×1.5, అంటే 12 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్.

డ్రిల్ ఆనకముందు ఫ్లాంజ్ వెనక వైపు కూడా చూడమనండి. డిస్కును హబ్‌కు పట్టే బోల్టులు, డ్రమ్మును ఊడదీయడానికి ఉండే చిన్న మర రంధ్రాలు, కొత్త స్టడ్ తల ఆనాల్సిన చోట గుంట ఉందేమో, కొత్త రంధ్రం బయట అంచున ఎంత లోహం మిగులుతుందో. 45 డిగ్రీల దగ్గర ఏదైనా అడ్డొస్తే కొన్ని డిగ్రీలు అటో ఇటో జరపొచ్చు, నాలుగింటి మధ్య 90 తప్పకపోతే చాలు. షాఫ్ట్ మీద ఉన్న బేరింగును ప్లాస్టిక్ సంచితో చుట్టి టేపు వేయండి. ఒక్క ఇనుప రజను లోపలికి పోతే కొత్త బేరింగు కూడా మోతెక్కుతుంది.

తిరిగి బిగించడం

స్టడ్‌లను ప్రెస్‌తో ఎక్కించండి. ప్రెస్ లేకపోతే వాషర్లు దొంతరగా పెట్టి, ఒక పాత నట్టుతో నెమ్మదిగా లాగండి. కొత్త చక్రపు నట్టును ఎయిర్ గన్‌తో తిప్పి లాగితే స్టడ్ మర సాగిపోతుంది, ఆ సంగతి బయటికి కనిపించదు. ముందు హబ్‌లో కొత్త సీలు, కొత్త గ్రీజు, మాన్యువల్ ప్రకారం బేరింగు బిగువు. వెనక సీళ్లు తప్పక మార్చండి, పాతవి ఆయిల్‌ను బ్రేక్ లైనింగుల మీదికి వదులుతాయి.

చక్రం ఎక్కించే ముందు ఫ్లాంజ్ మీద డయల్ గేజ్ పెట్టి ఒక చుట్టు తిప్పండి. ఊపు 0.1 మి.మీ. దాటితే మళ్లీ విప్పి మెషిన్ షాపుకే తీసుకెళ్లాలి, బ్యాలెన్సింగ్ బరువులతో అది పోదు.

రిమ్ము మధ్య బోరు హబ్ కన్నా పెద్దదైతే మధ్యలో రింగు వేయండి. చిన్నదైతే రిమ్ము హబ్ మీద పూర్తిగా కూర్చోదు, ఆ రిమ్ము పనికిరాదు. నట్టు కనీసం ఎనిమిది పూర్తి చుట్లు పట్టాలి. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి టైరు ఎక్కడా రాసుకోవడం లేదని, కాలిపర్‌కు రిమ్ము తగలడం లేదని చూడండి. బిగించాల్సిన టార్క్ మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ మరకు సాధారణంగా 90 నుంచి 110 న్యూటన్ మీటర్లు. ఎదురెదురు నట్టులను జతగా బిగించండి. 80, 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి టార్క్ రెంచితో చూడండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి చెప్పండి. ఇండియాలో ఉన్నవాళ్లు ఏ కారుకైనా ఇలాంటి మార్పు తలపెట్టే ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను, దాని మీద 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చూసుకుని, ఆర్టీవోను అడిగి తేల్చుకోవాలి.

ఇంకొకటి, చాలామంది మరిచేది: డిక్కీలో ఉన్న స్టెప్నీ ఇంకా 4×110దే. అది ఇప్పుడు మీ కారుకు ఎక్కదు. 4×114.3 రిమ్ముతో ఒక స్టెప్నీ, కొత్త నట్టులకు సరిపోయే పానా కొని డిక్కీలో పెట్టండి. పాత నాలుగు రిమ్ములను పారేయొద్దు, కారును అచ్చు కంపెనీ రూపానికి తెచ్చుకునేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి కొంటారు, మీ మెషిన్ షాపు బిల్లులో కొంత అలా తిరిగొస్తుంది.