ఇంగ్లీషు మాటలు గుర్తుండని బాధ నాకెలా తీరిందంటే

పోటీ పరీక్షల కోసం రోజుకు 30 ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టేదాన్ని. వారం తిరిగేసరికి సగం ఎగిరిపోయేవి. ఒక మాక్ టెస్టులో 'డిడ్యూస్'కి నామవాచకం అడిగితే 'డిడ్యూస్‌మెంట్' అని పెట్టొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దారి మా పి.గన్నవరంలోనే దొరికింది. గోదావరి వైనతేయ పాయ మీదుగా కాలవ నీళ్లను అవతలి పొలాలకు దాటించే కట్టడాన్ని మేం చిన్నప్పట్నుంచీ అక్విడెక్టు అనే అంటాం. ఓసారి నిఘంటువు తీసి చూశాను. లాటిన్‌లో 'ఆక్వా' అంటే నీరు, 'డూకెరె' అంటే నడిపించడం. కాండక్ట్, ప్రొడ్యూస్, రెడ్యూస్, ఇంట్రొడ్యూస్ అన్నీ ఆ రెండో మాట పిల్లలే! మనకి నడక, నడత, నడిపించు లేవూ? కాండక్ట్ అంటే అచ్చంగా నడతే.

అప్పట్నుంచి నోటుబుక్కులో పేజీకి ఒక ధాతువు. క్రియ, నామవాచకం, విశేషణం, క్రియావిశేషణం పక్కపక్కనే: ప్రొడ్యూస్, ప్రొడక్షన్, ప్రొడక్టివ్, ప్రొడక్టివ్‌లీ. 'డ్యూస్'తో ముగిసే క్రియ సాధారణంగా 'డక్షన్' అవుతుంది. ఇక్కడ మాత్రం జాగ్రత్త. డిడ్యూస్ అంటే తర్కించి తేల్చడం, డిడక్ట్ అంటే మినహాయించడం. రెండిటికీ నామవాచకం డిడక్షనే. జీతంలో డిడక్షనా, ఆలోచనలో డిడక్షనా అన్నది వాక్యం చూసే చెప్పాలి.