గర్భిణిని గాలి కాలుష్యం నుంచి కాపాడుకోవడం ఎలా?

గాలిలోని 2.5 మైక్రోమీటర్ల లోపు ధూళికణాలు తల్లి ఊపిరితిత్తుల లోతుకు చేరి, వాపును రేకెత్తించి, బిడ్డకు ఆక్సిజన్, పోషకాలు అందించే మాయ పనితీరును దెబ్బతీయగలవు. ఇలాంటి గాలిని ఎక్కువగా పీల్చిన తల్లులకు 37 వారాలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువని, ఆ పిల్లలకు ఉబ్బసం ముప్పు కూడా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

విజయవాడలో ఉండే గర్భిణి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ఆ రోజు గాలి నాణ్యత సూచీని చూసుకొని, అది 200 దాటితే బయటి నడక మానుకోవాలి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర లారీల వెనుక ఆటోలో చిక్కుకుపోయే రద్దీ వేళను తప్పించుకోవాలి. చీర కొంగు ఈ కణాలను ఆపలేదు. ఎన్95 మాస్కును, ముక్కు మీది తీగను నొక్కి, అంచుల్లో సందు లేకుండా పెట్టుకోవాలి. ఆయాసం వస్తే మాత్రం వెంటనే తీసేయాలి.

నా దృష్టిలో ఇంటి లోపలి పొగే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన విషయం, ఎందుకంటే దాన్ని ఆపడం మన చేతుల్లోనే ఉంది. కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచే పని మరొకరికి అప్పగించాలి. పడకగదిలో దోమల కాయిల్ బదులు దోమతెర కట్టాలి. ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకూడదు. భోగి మంటకు దూరంగా ఉండాలి. కాన్పయ్యాక పసిబిడ్డకు తలంటిన తర్వాత సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే అయినా, దాన్ని మానేసి మెత్తని పొడి తువ్వాలుతో తల తుడిస్తే సరిపోతుందని అమ్మమ్మలకు, నాయనమ్మలకు ముందే నచ్చజెప్పాలి.