గొర్రె ఉన్నట్టుండి చస్తే కత్తి తీయకండి

మొన్న ఒక కాపరి వేలి మీద పుండు చూపించాడు. మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ వాపు, నొప్పి మాత్రం లేదు. రాత్రి దాకా బాగానే ఉన్న పొట్టేలు తెల్లారేసరికి చచ్చిపడి ఉంటే, చిటుకే (పేగులో విషం పుట్టి గొర్రెను ఉన్నట్టుండి చంపే జబ్బు) అనుకుని తనే కోసి చూశాడట. ఆస్పత్రిలో దొమ్మ (ఆంత్రాక్స్, పశువుల నుంచి మనిషికీ అంటే జబ్బు) అని తేల్చారు. మందులు వేళకు పడ్డాయి కాబట్టి సరిపోయింది.

వానలు పడి లేతగడ్డి మొలిస్తే చిటుకు మొదలవుతుంది. ఆబగా మేసి బాగా బలిసిన పిల్లలే ముందు పోతాయి. టీకాల సంగతి మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను.

చిటుకు తెచ్చే క్లాస్ట్రిడియం, దొమ్మ తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్ రెండూ విషం పుట్టించే క్రిములే. రెండింట్లోనూ తరచుగా జబ్బు కంటికి ఆనకముందే చావు. ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారితే దొమ్మనే అనుమానించాలి. కారలేదు కదా అని కోయకండి. మూసి ఉన్న కళేబరంలో దొమ్మ క్రిమి కుళ్లుతో పాటే నశిస్తుంది. కోస్తే గాలి తగిలి గట్టి బీజాలుగా మారుతుంది. అవి మట్టిలో దశాబ్దాలు ఉంటాయి.

పశువైద్యుడు చెవి నరం నుంచి చుక్క నెత్తురు తీసి, గాజుపలక మీద పూసి, రంగు వేసి చూస్తాడు. దొమ్మ కాదని తేలాకే కోత, అదీ ఆయన చేతే. చిటుకు పరీక్షకు చిన్నపేగు ముక్కను రెండు కొసలా కట్టి, కొన్ని గంటల్లోనే ఐసులో పంపాలి. క్రిమి దొరికిందన్న రిపోర్టు ఒక్కటే చాలదు. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగులోనూ అది ఉంటుంది, చచ్చాక ఇంకా పెరుగుతుంది. ఎలైసా అనే ల్యాబు పరీక్షలో ఆ క్రిమి పుట్టించే ఎప్సిలాన్ విషం దొరికిందా అని అడగండి.

తోలు ఒలవకండి. మాంసం పంచుకోకండి. కొన ఊపిరితో ఉందని గొంతు కోయకండి, అదీ కోతే. ఈడ్చుకెళ్లకండి, కారిన నెత్తురు దారంతా అంటుతుంది. కుక్కల్ని రానివ్వకండి. మందను గొర్రె చచ్చిన బీడు నుంచి తప్పించండి. దొమ్మ టీకా వేసే రోజుల్లో యాంటీబయాటిక్ వద్దు, అది బతికున్న క్రిమితో చేసిన టీకా. కోయకండి అని మళ్లీ చెబుతున్నా. ఇప్పటికే కోసేశారా? చేతి మీద పొక్కు లేస్తే డాక్టరుకు చచ్చిన గొర్రె సంగతి ముందే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు.