పెరట్లోని పెద్ద చెట్ల కొమ్మలను కత్తిరించే పద్ధతి

హైదరాబాదులో ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్ల పెరళ్లలో ఒక మామిడి, ఒక వేప, గోడవారగా ఒక జామ తరచుగా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు మొదలుకాగానే చెట్టు ఇంటిమీద పడుతుందన్న భయంతో చాలామంది కూలివాళ్లను పిలిపించి, గొడ్డలితో పైభాగమంతా కొట్టించి మోడు చేయిస్తారు. మా మామిడికీ ఒకప్పుడు అదే జరిగింది. నరికిన చోటల్లా ఏడాది తిరగకముందే గుత్తులు గుత్తులుగా చిగుళ్లు లేచాయి గానీ, అవి బెరడు కిందనే పుట్టినవి కావడంతో మానులో పట్టు లేక, బరువెక్కిన తరువాత గాలికి ఒక్కొక్కటిగా చీలిపోయాయి. ఏ ప్రమాదానికి భయపడి నరికించామో దానినే మేము పెంచుకున్నాము.

చెట్టు గాయం మన గాయంలా మానదు. దెబ్బతిన్న చెక్కను చెట్టు బాగుచేసుకోలేదు. దాని చుట్టూ లోపల గోడ కట్టుకుని, పైనుంచి కొత్త చెక్కతో, బెరడుతో నెమ్మదిగా కప్పుకుంటుంది. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో ఎన్నో చెట్లను నిలువునా కోసి పరిశీలించి వివరించినది ఇదే. కొమ్మ మానును కలిసే చోట కాస్త ఉబ్బి, ముడతలు పడి కనిపించే మెడలాంటి భాగంలోనే ఆ కప్పుకునే శక్తి ఉంటుంది కనుక, కోత ఆ ఉబ్బును తాకకుండా దానికి కొద్దిగా బయట పడాలి. నున్నగా కనిపించాలని మానుకు సమంగా చెక్కినా, జానెడు మొండి వదిలేసినా పుచ్చు లోపలికి దిగుతుంది.

బరువైన కొమ్మను ఒకే కోతతో తీయబోతే అది విరుగుతూ మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. అందుకే మూడు కోతలు కావాలి. మొదట మానుకు అడుగు దూరంలో కొమ్మ అడుగువైపు నుంచి మూడోవంతు లోతు వరకు రంపంతో కోయాలి. తరువాత దానికి రెండంగుళాలు బయటగా పైనుంచి కోస్తే కొమ్మ చీలకుండా రాలిపోతుంది. మిగిలిన మొండిని చేత్తో పట్టుకుని మెడ బయట శుభ్రంగా కోసేయాలి. చెట్టు మారినప్పుడల్లా రంపం పళ్లను స్పిరిట్‌తో తుడవాలి.

ముందుగా ఎండుకొమ్మలను, ఒకదానినొకటి రాసుకునే కొమ్మలను, నిటారుగా లేచే నీరు కొమ్మలను తీయాలి. మామిడికి బదనిక (కొమ్మలోకి వేళ్లు దించి దాని రసం పీల్చి బతికే మొక్క) పట్టి ఉంటే దానిని పైపైన పీకడం వృథా. అది పాతుకున్న చోటికి అడుగు కిందనుంచి కొమ్మనే తీసేయాలి. ఎత్తు తగ్గించక తప్పకపోతే, తీసే కొమ్మ లావులో కనీసం మూడోవంతు ఉన్న పక్కకొమ్మ దగ్గరికి కోయాలి. అప్పుడు ఆ పక్కకొమ్మే కొత్త కొనగా ఎదుగుతుంది. ఒక ఏడాదిలో పచ్చని కొమ్మల్లో నాలుగోవంతుకు మించి తీయకూడదు, ముసలి చెట్టుకైతే ఇంకా తక్కువ.

మామిడిని కాయ దిగిన వెంటనే, జూన్, జూలైలలో కత్తిరించాలి. ఆలస్యమైతే కొత్త రెమ్మలు ముదరక, డిసెంబరు, జనవరిలో రావలసిన పూత పోతుంది. జామ కొత్త చిగుళ్ల మీదే కాస్తుంది కనుక కాస్త గట్టిగా కత్తిరించినా తట్టుకుంటుంది. సపోటాకు ఎండుపుల్లలు తీస్తే చాలు. వేప సంగతి వేరు. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొనలనుంచి ఎండినప్పుడు చచ్చిపోయాయనుకుని నరికించినవారున్నారు. అది శిలీంధ్రం వల్ల వచ్చే ఎండుతెగులు, చాలా చెట్లు తరువాత మళ్లీ చిగిర్చాయి. బెరడును గోటితో గీకి చూసి, పచ్చదనం కనిపించే చోటు వరకే కోసి, ఆ పుల్లలను పెరట్లో ఉంచకుండా పంపించేయాలి.

కోతకు తారు, రంగు పూయడం వల్ల మేలు లేదు. వానాకాలంలో మామిడికి పెద్ద కోత పడితే మాత్రం శిలీంధ్రాలను ఆపే బోర్డో పేస్టు పూయవచ్చు: 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో ప్లాస్టిక్ బకెట్‌లో కరిగించి, 100 గ్రాముల సున్నాన్ని మరో అర లీటరులో కలిపి, రెండింటినీ కలుపుకోవాలి, ఇనుప పాత్ర వాడకూడదు. మామిడి సొన చర్మాన్ని కాలుస్తుంది కనుక నిండు చేతుల చొక్కా వేసుకోవాలి.

కరెంటు తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మ జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు; 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందిని పిలవాలి. కొమ్మలు తీయడం వేరు, చెట్టునే కొట్టేయడం వేరు. కొట్టేయడానికి 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అనుమతి తీసుకోవాలి. రంపం పట్టేముందు గూళ్లున్నాయేమో చూసి, పిల్లలున్న గూడు కనిపిస్తే ఆ కొమ్మను అవి ఎగిరిపోయేదాకా వదిలేయాలి. నీడ పోయి కొత్తగా ఎండకు బయటపడిన మానుకు పల్చటి సున్నం పూస్తే బెరడు పగలకుండా ఉంటుంది.